గిల్డ్ వార్స్‌లో వారియర్‌కు రెండో వృత్తిగా మాంక్ పనికొస్తుందా?

పనికొస్తుంది, కానీ హీలర్‌గా కాదు. 2005లో వచ్చిన ఈ వీడియో గేమ్‌లో వారియర్-మాంక్ జోడీని చూసి చాలామంది నవ్వేవారు. కారణం, ఆరోగ్యాన్ని మెల్లగా పెంచే మెండింగ్ అనే మాంక్ స్కిల్. అది నడుస్తున్నంతసేపూ, స్కిల్స్‌కు ఖర్చయ్యే ఎనర్జీ పుంజుకునే వేగం ఒక మెట్టు తగ్గుతుంది. వారియర్‌కు ఉన్నవే 2 మెట్లు! పైగా హీలింగ్‌కు బలాన్నిచ్చే డివైన్ ఫేవర్, మొదటి వృత్తి మాంక్ అయినవాళ్లకే దక్కుతుంది.

అందుకే పాయింట్లు ఆయుధ నైపుణ్యానికి, వారియర్ సొంత గుణమైన స్ట్రెంగ్త్‌కు పెట్టండి. దాడులు వీలైనంతవరకు అడ్రినలిన్‌తో (దెబ్బలు వేసేకొద్దీ పోగయ్యే శక్తి) నడిచేవే ఎంచుకుంటే ఎనర్జీ మిగులుతుంది. స్కిల్స్‌కు ఉన్న 8 గడుల్లో ఒక్కటి మాత్రం మాంక్‌కు ఇవ్వండి. నా ఓటు, చనిపోయినవారిని బతికించే రీబర్త్‌కే. జట్టు పడిపోతుంటే మీరు తప్పించుకుని, తర్వాత ఒక్కొక్కరినీ మీరున్న చోటికే లేపుకోవచ్చు. ఎనర్జీ మొత్తం ఊడ్చుకుపోతుంది, నిజమే. పోరు ఆగాక దానితో పనేముంది?