భీమవరంలో ఉండి గ్రాఫిక్ డిజైన్ బాగా నేర్చుకోవడం కుదురుతుందా, హైదరాబాద్ వెళ్ళాల్సిందేనా?

డిగ్రీ అయ్యాక భీమవరంలో ఫ్లెక్సీ షాపులో కోరల్‌డ్రా మీద కూర్చుంటున్నానని, పుస్తకాల కవర్లు, యాడ్స్, షాపు బోర్డులు క్రియేటివ్‌గా చెయ్యాలని ఉందని, దానికి హైదరాబాద్ వెళ్ళి కోర్సు చెయ్యాలా అని అడిగారు కదండి. నేను పాలకొల్లులో డీటీపీతో, అంటే కంప్యూటర్లో టైపు చేసి పేజీలు పెట్టే పనితో మొదలెట్టి ఇప్పుడు రాజమండ్రిలో ఇదే పని చేసుకుంటున్నాను, పుస్తకాలు, స్వీట్ బాక్సులు, బియ్యం బస్తాలు, ఏదొస్తే అది. నాకు తెలిసింది చెప్తాను.

కోర్సు సంగతి తర్వాత, ముందు తెలుగు అక్షరం నేర్చుకోండి. చదవడం రాయడం గురించి కాదండి, ఒక్కో అక్షరం ఎంత చోటు అడుగుతుందో, ఎక్కడ అడుగుతుందో అది. మనం నెట్‌లో దొరికిన టెంప్లేట్ తీసి అందులో తెలుగు కుక్కేస్తాం, కానీ ఆ టెంప్లేట్ ఇంగ్లీషు కోసం గీసింది, ఇంగ్లీషు కేపిటల్ లెటర్లు ఇటుకలు పేర్చినట్టు ఒకే ఎత్తులో కూర్చుంటాయి. మనకి పైన గుడి ఉంటుంది, కింద వత్తు దిగుతుంది. "తణుకు" అని ఎంత పెద్దగా రాసినా ఇబ్బంది లేదు, అదే "పాలకొల్లు" అంటే ల వత్తుకి కింద చోటు కావాలి, "లక్ష్మీ" అంటే కిందా కావాలి పైనా కావాలి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే లీడింగ్, అంటే లైనుకీ లైనుకీ మధ్య దూరం, అక్షరం సైజులో 120 శాతం, అది ఇంగ్లీషుకి సరిపోతుందేమో గానీ మనకి పై లైను వత్తు వచ్చి కింద లైను గుడిలో దూరిపోతుంది. పుస్తకం లోపలి పేజీలకి నేనైతే 150 దగ్గర మొదలెట్టి ఫాంటుని బట్టి అటూ ఇటూ జరుపుకుంటాను.

ఇది కంప్యూటర్ ముందు కంటే గోడల దగ్గర బాగా తెలుస్తుంది. కాలవ గట్ల రోడ్లమ్మట వెళ్తుంటే సిమెంటు, ఎరువులు, రొయ్యల మేత కంపెనీల గోడ రాతలు ఇంకా కనబడతాయి కదా, పెయింటర్ రాస్తుంటే ఓ పూట ఆగి చూడండి. సుద్దపొడి పట్టించిన దారం గోడకి అటూ ఇటూ లాగిపట్టి టప్ మని కొడతాడు, గీత పడుతుంది. అలా రెండు గీతలు అక్షరానికి, ఆ కింద ఇంకోటి వత్తులకి. ముందు అక్షరాల ఒళ్ళు మొత్తం సుద్దతో గీసుకుని, వత్తు ఎక్కడ పడుతుందో చూసుకుని, అప్పుడు గానీ బ్రష్ ముంచడు. పక్కపక్కన రెండు వత్తులొస్తే ఒకదాన్ని కాస్త చిన్నది చేసి లోపలికి మడిచేస్తాడు. ఏ సాఫ్ట్‌వేరూ ఆ సర్దుబాటు తనంతట తాను చెయ్యదు, అది కన్ను చెయ్యాల్సిందే. అలా రాసే చేతులు ఇప్పుడు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు, ఉన్నప్పుడే వాళ్ళ దగ్గర కూర్చోండి అని గట్టిగా చెప్తాను.

బాపు గారు మీ పక్కనే నరసాపురంలో పుట్టారు, 1933లో. చదివింది లా, మద్రాసులో యాడ్ ఏజెన్సీల్లో పనిచేశారు, పత్రికలకి కార్టూన్లు వేశారు, తెలుగు పుస్తకాలకి ఆయన గీసిన ముఖచిత్రాలకి లెక్కే లేదు. ఆయన చేతిరాత ఫాంటు అయిపోయి ఇప్పుడు పెళ్ళికార్డుల మీదా షాపు బోర్డుల మీదా అంతటా ఉంది. మీరు మాత్రం ఆ ఫాంటు వేసేసి ఊరుకోకుండా పాత కవర్లు సంపాదించి చూడండి. పుస్తకం పేరు బొమ్మ మీద తర్వాత అతికించినట్టు ఉండదు, బొమ్మ ఎటు వంగితే అక్షరం అటు వంగుతుంది, ఖాళీ వదిలిన చోట కూడా ఏదో ఉన్నట్టే ఉంటుంది. రాజమండ్రి వస్తే చిత్రకారుడు దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ కూడా చూడండి, 1925లో ముప్ఫై ఏళ్ళు కూడా నిండకుండా పోయాడాయన, బొమ్మలో మనుషుల్ని ఎలా నిలబెట్టాడో ఓ గంట చూస్తే ఫ్లెక్సీ మీద ఫొటోలు సర్దే పద్ధతే మారిపోతుంది మీకు.

ఇంకోటి, ఏ సరుకు మీద ప్రింటవుతుందో తెలుసుకోకుండా డిజైన్ చెయ్యకండి. బియ్యం బస్తా సంగతే చెప్తాను. మామూలు ప్లాస్టిక్ అల్లిక బస్తా మీద ఎక్కువగా రెండు మూడు రంగులే వేస్తారు, ఆ అల్లిక మీద సన్నగీత విరిగిపోతుంది, చిన్న వత్తు ముద్దయిపోతుంది. అందుకే మిల్లుల వాళ్ళు ఓ చిలకో, తామరపువ్వో, దేవుడి బొమ్మో పెద్దగా పెట్టుకుంటారు. హమాలీకి చదువు రాకపోయినా లారీలోంచి ఏ బస్తా దించాలో బొమ్మా రంగూ చూసి తెలుస్తుంది, కొనే ఆవిడ కూడా "చిలక బస్తా ఇవ్వండి" అనే అడుగుతుంది. ఇంతకంటే మంచి లోగో పాఠం నాకు ఎక్కడా దొరకలేదండి. లామినేషన్ బస్తా అయితే ఫొటో కూడా పడుతుంది, అది వేరు.

బోర్డులకైతే నిడదవోలు జంక్షన్‌లో రైల్వే బోర్డు చూడండి చాలు. పసుపు మీద నలుపు, ఊరిపేరు మూడు భాషల్లో, కింద సముద్రమట్టం నుంచి ఎత్తు. నగిషీ ఏం లేదు, కదిలే రైల్లోంచి చదివెయ్యొచ్చు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఎక్కడెక్కడి జనమో వస్తారు, ముసలివాళ్ళు చిన్నపిల్లలు వస్తారు, ఘాట్ ఎటో, బయటికి దారెటో, మంచినీళ్ళెక్కడో చెప్పే బోర్డులు మనలాంటి వాళ్ళే చెయ్యాలి. స్వాగతం ఫ్లెక్సీల్లో నలభై మొహాలు వేయించుకుంటే వేయించుకోనివ్వండి గానీ దారి చెప్పే బోర్డు మీద ఒక్క ఫొటో కూడా వద్దని నేనైతే కొట్లాడతాను. అక్కడ బాణం గుర్తే పెద్దది, దాని తర్వాత ఊరో ఘాటో పేరు, అంతే.

ఫాంట్లు డబ్బులు పెట్టక్కర్లేకుండానే బోలెడున్నాయి. బోర్డుకీ హెడ్డింగుకీ రామభద్ర, బాలూ తమ్ముడు బాగుంటాయి, పుస్తకం లోపలికి తిరో తెలుగు గానీ నోటో సెరిఫ్ గానీ, ఒకే ఫాంటులో సన్నం నుంచి బాగా లావు దాకా కావాలంటే అనెక్ తెలుగు. షాపుల్లో ఇంకా అను ఫాంట్లే నడుస్తున్నాయి, పని ఆగదు గానీ అందులో కొట్టిన మేటర్ వాట్సాప్‌లో పెడితే పిచ్చి గుర్తులొస్తాయి, ఏ ఫోన్లో అయినా కంప్యూటర్లో అయినా తెలుగు తెలుగులాగే కనబడే యూనికోడ్ అలవాటు చేసుకోండి. పాత వెర్షన్ ఫొటోషాప్‌లో వత్తులు విడిపోతుంటే ఫాంటు తప్పు కాదు, ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకోవాలి, ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్లో వరల్డ్ రెడీ కంపోజర్.

హైదరాబాద్ అంటారా, పెద్ద యాడ్ ఏజెన్సీలో చేరాలనుంటే వెళ్ళండి, జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) అప్లైడ్ ఆర్ట్ బీఎఫ్ఏ డిగ్రీ ఉంది, నాలుగేళ్ళు తీరిగ్గా నేర్చుకోవచ్చు. మూడు నెలల సాఫ్ట్‌వేర్ కోర్సుకైతే వెళ్ళొద్దు, టూల్స్ మీకు ఇప్పటికే వచ్చు. పొద్దున్నే షాపు తెరవకముందు ఓ ఊరి పేరు తీసుకుని ఫ్లాట్ బ్రష్‌తో పాత పేపర్ మీద రకరకాలుగా రాస్తూ ఉండండి, బాగా వచ్చినదాన్ని ఫొటో తీసి కోరల్‌డ్రాలో దాని మీదే గీసుకోండి.

ఇంకా ప్రింటుకి పంపే ఫైలు కర్వ్స్ చేసి, అంటే అక్షరాల్ని గీసిన బొమ్మల్లా మార్చేసి పంపండి, లేకపోతే అవతల ప్రెస్సులో మీ ఫాంటు లేక అక్షరాలన్నీ డబ్బాలైపోతాయి. కర్వ్స్ చేసే ముందు ఇంకో కాపీ టెక్స్ట్‌గా సేవ్ చేసి పెట్టుకోండి, పండగ రాగానే రేటు మార్చమని అదే కస్టమర్ మళ్ళీ వస్తాడు.