వాలు మీది ద్రాక్షను వేరుగానే వైన్ చేయించు

చిరంజీవి కొడుకుకు పెద్దబాపు ఆశీర్వాదాలు.

దెగ్లూర్‌లో అందరం బాగున్నం. వాలు మీది ద్రాక్షను కింది పండుతో కలిపి వైన్ చేయించాల్నా, వేరుగానా అని నువ్వు ఫోన్ల అడిగింది రెండు మాటల్లో తేలేది కాదని ఇట్ల రాస్తున్న.

ముఖేడ్ వాలు మీది అరెకరం షిరాజ్‌ను, అదే రెడ్ వైన్ ద్రాక్షను, కింది నల్లరేగడి పండుతో కలపకు. కలిపితే ట్యాంకు నిండుతదని వైనరీవాళ్లు అంటరు. ఒప్పుకోకు. వాలు మీద మొరం నేల, నీళ్లు నిలవవు, కాయ చిన్నగ వస్తది. రెడ్ వైన్‌కు రంగు, వగరు తొక్కల నుంచే దిగుతయి. కాయ చిన్నదైతే రసంతో పోలిస్తే తొక్క వాటా ఎక్కువ. రేగడిలో కాయ ఉబ్బుతది, కాటా మీద తూగుతది, వైన్ పలచబడతది. ఫ్రాన్స్‌లో బర్గండీ వాలు మీద లా రొమానే అనే తోట మొత్తం 0.85 హెక్టార్లే, అంటే రెండెకరాల పైన కొద్దిగ. అయినా దాని వైన్ దాని పేరుతోనే సీసాలకెక్కుతది.

అన్నిటికంటే కష్టం కోత రోజు పట్టుకునుడు. అక్టోబర్‌ల ఛాటణీ, అంటే కొమ్మల కత్తిరింపు, చేసిన తోట ఫిబ్రవరికి అటూ ఇటూ అందుతది. మన ఎండకు చక్కెర ముందు ఉరుకుతది, గింజ వెనక పడతది. చక్కెర కొలిచే మీటర్ 24 బ్రిక్స్ చూపిందని కత్తెర పట్టకు. పొద్దుగాల వాలు పైన, నడుమ, కింద తిరుగు. ప్రతి చోటా ఎండ దిక్కు కాయ ఒకటి, నీడ దిక్కు కాయ ఒకటి నోట్ల వేసుకో. గింజ కొరుకు. పచ్చగ ఉండి నాలుకను పట్టేస్తే ఆగు. గోధుమరంగు తిరిగి పటుక్కున విరిగితే మర్నాడే కోత పెట్టు. అట్లని గింజ కోసమే కూసోకు, పీహెచ్ 3.6 దాటుతుంటే పులుపు పోతున్నట్టే, ఇగ కొయ్యాలె.

కోతకొచ్చేటోళ్లకు తినే ద్రాక్ష థామ్సన్ అలవాటు. చిన్న గుత్తి కనబడితే పక్కన పారేస్తరు. మనకు కావాల్సింది అదేనని ముందే చెప్పు, కుళ్లిన కాయ మాత్రం ఒక్కటి కూడ క్రేట్ల పడొద్దు. తెల్లారకముందే మొదలుపెట్టి ఎండెక్కేలోపు వైనరీకి చేర్చు.

చిన్న పంటకు చిన్న ట్యాంకే అడుగు. కిలో పండుకు 650 నుంచి 700 మిల్లీలీటర్ల వైన్ వస్తది, ఆ లెక్క ముందే వాళ్లకియ్యి. పులిసేటప్పుడు పైకి తేలిన తొక్కలను పొద్దున, సాయంత్రం కిందికి నొక్కించు, ఎండిపోతే పురుగూ వాసనా పడతయి. అప్పుడు తలుపులు తెరిచుంచాలె, తొట్టిలోకి వంగి చూడొద్దు బిడ్డా, పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌కు మనుషులే పోయిన్రు. పిప్పి పిండినాక మాత్రం పాత్ర అంచుదాక నిండాలె. ఖాళీ ఉంటే గాలి తగిలి సిర్కా అయితది. మిగిలింది ఉంటే చిన్న డబ్బాలో నిండుగ పెట్టించు, దానితోనే పీపా తగ్గినప్పుడల్లా నింపుకోవచ్చు.

గింజ రంగు తిరగంగనే ఫోన్ చెయ్యి. ముఖేడ్ బస్సెక్కి వస్త, ఇద్దరం కలిసి కొరికి చూద్దాం.

మీ పెద్దబాపు