రగ్బీలో క్లబ్‌కీ, జాతీయ జట్టుకీ ఎందుకు పడదు?

జీతం ఇచ్చేది ఒకరు, ఆడించుకునేది మరొకరు. అసలు టెన్షన్ అక్కడే.

1995 ఆగస్టులో రగ్బీ యూనియన్ (జట్టుకు 15 మంది ఆడే రగ్బీ) ప్రొఫెషనల్ ఆటగా మారింది. ఐర్లండ్‌లో జాతీయ బోర్డే ముఖ్య ఆటగాళ్లతో కాంట్రాక్టులు రాసుకుంది, లీన్‌స్టర్, మన్‌స్టర్ లాంటి ప్రాంతీయ జట్లు కూడా దాని చేతిలోనే ఉన్నాయి. ఎవరు ఎప్పుడు ఆడాలో, ఎప్పుడు విశ్రాంతి తీసుకోవాలో అదే చూసుకుంటుంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో మాత్రం డబ్బు పెట్టిన క్లబ్ యజమానులే ఆటగాళ్లను తీసుకున్నారు. ఫ్రెంచ్ టాప్ 14 లీగ్‌లో ఒక్కో జట్టుకు 26 రౌండ్లు కాబట్టి, సిక్స్ నేషన్స్ (ఆరు యూరప్ జాతీయ జట్ల వార్షిక టోర్నీ) జరిగే వారాల్లోనూ లీగ్ పూర్తిగా ఆగదు.

ఆటను నడిపే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ రగ్బీ 9వ నిబంధన ప్రకారం, నిర్ణీత అంతర్జాతీయ వారాల్లో ఆటగాణ్ణి క్లబ్ వదలాల్సిందే. ఆ వారాలు దాటితే క్లబ్ ఇష్టం. 2021 అక్టోబర్ 30న కార్డిఫ్‌లో న్యూజిలాండ్‌తో వేల్స్ ఆడిన మ్యాచ్ ఆ వారాలకు బయట పడింది. ఇంగ్లిష్ క్లబ్‌లలో ఉన్న తమ ఆటగాళ్లు లేకుండానే వేల్స్ ఆడి 16-54తో ఓడింది.

ఇందులో నాకు అన్యాయంగా అనిపించేది పసిఫిక్ దీవుల దేశాలైన ఫిజీ, సమోవా, టోంగాల పరిస్థితి. వాళ్ల మంచి ఆటగాళ్లలో చాలామందికి బతుకుతెరువు యూరప్ క్లబ్‌లే. క్లబ్ నొచ్చుకుంటుందన్న భయం ఉన్నవాడికి నిబంధన ఎంత బలంగా ఉన్నా, జాతీయ జట్టుకు వదలమని అడగడం కష్టమే.