తీగ లాగితే: పోయేది నెట్టా, వైఫైనా?

ఈసారి ఉత్తరాలన్నీ ఇంచుమించు నెట్ గోలే. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ "డయల్ టోన్ రావట్లేదండీ" అనే మాట విన్నాను. రిటైరయ్యాక "నెట్ రావట్లేదండీ" అనేది వింటున్నాను. నేను తిరిగి అడిగేది అప్పుడూ ఇప్పుడూ ఒకటే: ఎక్కడిదాకా వస్తోంది?

ప్రశ్న: మా కోడలు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. రాత్రి ఏడింటి నుంచి మీటింగులు. సరిగ్గా అప్పుడే నెట్ పోతుంది, రెండు నిమిషాల్లో వస్తుంది, మళ్లీ పోతుంది. మాది 200 ఎంబీపీఎస్ ప్లాన్. కేబుల్ అబ్బాయి పొద్దున పదకొండింటికి వచ్చి, స్పీడ్ టెస్టు పెట్టి, "95 వస్తోంది కదండీ, మా వైపు అంతా బాగానే ఉంది, రౌటర్ మార్చుకోండి" అని వెళ్లిపోతాడు. మార్చమంటారా?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ఇప్పుడే మార్చకండమ్మా. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టవుతుంది. (మీరే అత్తగారు కాబట్టి ఈ సామెత వాడినందుకు ఏమీ అనుకోకండి.)

స్పీడ్ టెస్టు ఆ అర నిమిషంలో ఎంత వచ్చిందో చెబుతుంది, అంతే. రాత్రి ఏడున్నరకి లైను తెగిందా లేదా అన్నది దానికేం తెలుసు? అయితే ఆ అబ్బాయి తనకి తెలియకుండానే ఒక ఆధారం వదిలి వెళ్లాడు. 200 ప్లాన్‌కి 95 రావడం బాగున్నట్టు కాదు. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు తెగేది ఎక్కడో పట్టుకోవాలి. మీ ఇంట్లో నెట్ మూడు ముక్కలు. ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా వైఫై. రౌటర్ నుంచి ఫైబర్ బాక్సు దాకా మూరెడు వైరు. బాక్సు నుంచి వీధి స్తంభాల మీదుగా కంపెనీ దాకా ఫైబర్. ఏ ముక్క తెగినా మీ కోడలి స్క్రీన్ మీద కనబడేది మాత్రం గిరగిరా తిరిగే ఆ చక్రమే.

ల్యాప్‌టాప్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ (cmd) అని కొట్టమనండి. నల్ల స్క్రీను తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే డీఫాల్ట్ గేట్‌వే అనే మాటకి ఎదురుగా 192.168.1.1 లాంటి అంకె వస్తుంది. అది మీ రౌటర్ చిరునామా. ఇప్పుడు నల్ల స్క్రీన్లు రెండు పక్కపక్కన తెరిచి, మొదటిదాంట్లో పింగ్, ఖాళీ, మైనస్ టి, ఖాళీ, ఆ రౌటర్ అంకె (ping -t 192.168.1.1 లాగా) కొట్టమనండి. రెండోదాంట్లోనూ అదే వరస, చివర 8.8.8.8. ఇది గూగుల్ వాళ్లు 2009 నుంచి నడుపుతున్న డీఎన్ఎస్ సర్వర్ (సైట్ల పేర్లకి అంకెల చిరునామాలు చెప్పే కంప్యూటర్) చిరునామా. రెండూ సెకనుకోసారి అవతలివాళ్లని పలకరిస్తుంటాయి, జవాబు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో రాస్తుంటాయి. మీటింగు జరుగుతున్నంతసేపూ అలా నడవనివ్వండి. దీనికయ్యే డేటా లెక్కలోకి రాదు. ఈ పింగ్‌ని 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికన్, తన నెట్‌వర్క్ తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంటే విసిగిపోయి రాశాడు. నలభై ఏళ్లు దాటినా ఇంతకన్నా అక్కరకొచ్చే పనిముట్టు నాకు కనబడలేదు.

ఇక నెట్ పోయిన క్షణంలో ఆ రెండు స్క్రీన్లూ చూడాలి. రెండూ ఒకేసారి "రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్" అంటే తెగింది మీ ఇంట్లోనే, వైఫై దగ్గరో రౌటర్ దగ్గరో. కేబుల్ అబ్బాయిని తిట్టి లాభం లేదు. రౌటర్ చక్కగా పలుకుతూ 8.8.8.8 మాత్రం మూగబోతే, తెగింది రౌటర్‌కి అవతల. రెండూ పలుకుతున్నాయి గానీ రెండోదాంట్లో మామూలుగా 20, 30 ఉండే అంకె 400, 600 అయిపోతోందంటే లైను తెగలేదు, కిక్కిరిసింది. అప్పుడు ముందు ఇంట్లోనే చూడండి: ఎవరి ఫోనైనా పెళ్లి వీడియోలన్నీ పైకి ఎక్కిస్తోందా, వాకిట్లో సీసీ కెమెరా ఎడతెగకుండా క్లౌడ్‌కి పంపుతోందా? అప్‌లోడ్ నిండిపోతే మీటింగే ముందు చతికిలబడుతుంది. ఇంట్లో అలాంటిదేమీ లేకపోతే వీధి రద్దీ అనుకోవాలి. మనకి ఎక్కువగా వేస్తున్న జీపాన్ ఫైబర్‌లో కిందికి సుమారు 2.5, పైకి 1.25 గిగాబిట్లు. దాన్నే 32 ఇళ్లో 64 ఇళ్లో పంచుకుంటాయి. రాత్రి ఏడు తర్వాత ఆ ఇళ్లన్నిట్లో టీవీలు పెడతారు. అబ్బాయి వచ్చే పదకొండింటికి ఆ రద్దీ ఎందుకుంటుంది?

మీ ఉత్తరం చదివితే నాకు అనుమానం రెండో రకం మీద ఉంది, రౌటర్‌కి అవతల. ఇక్కడే ఆ 95 పనికొస్తుంది. బాక్సుకీ రౌటర్‌కీ మధ్య ఉన్న వైరులో నాలుగు జతల తీగలుంటాయి. నాలుగూ బాగుంటేనే గిగాబిట్ వేగం. ఒక్క తీగ విరిగినా, క్లిప్పులో సరిగ్గా కూర్చోకపోయినా ఆ రెండు పెట్టెలూ చాలాసార్లు రెండు జతలతో సరిపెట్టుకుని 100కి దిగిపోతాయి. 100 లింకు మీద స్పీడ్ టెస్టు 94, 95 దగ్గర ఆగిపోతుంది. ఏ టైములో పెట్టినా అంకె అక్కడే మేకు కొట్టినట్టు ఉంటే ఇదే కారణం, లేదా మీ రౌటర్ పోర్టే 100ది అయ్యుండాలి. అలా వదులుగా ఉన్న క్లిప్పు అప్పుడప్పుడూ పూర్తిగానూ వదిలేస్తుంది. ఆ వైరు రెండు కొసలూ తీసి చూడండి. ప్లాస్టిక్ నాలుక విరిగి, పెట్టగానే "టిక్" అనకపోతే ఈరోజే మార్చేయండి. క్యాట్-6 అని అడగండి, వందా రెండొందల్లో వస్తుంది. రౌటర్ ఖర్చు తప్పినా తప్పొచ్చు.

వైరు మార్చినా పోతుంటే, పోయిన సమయంలో ఫైబర్ బాక్సు మీద లైట్లు చూడండి. ఎల్ఓఎస్ అనే చోట ఎర్ర లైటు వెలిగితే బాక్సుకి ఫైబర్‌లోంచి వెలుతురే అందడం లేదు. ఇంట్లో ఆ సన్నటి వైరు ఎక్కడా నలిగో ఊడో లేకపోతే అది వాళ్ల పని. లైట్లన్నీ ఆరిపోయి మళ్లీ ఒక్కొక్కటిగా వెలుగుతుంటే కరెంటో, అడాప్టరో.

ఇదంతా ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి, పాలవాడి లెక్కలాగే. "మంగళవారం రా. 7.42. రౌటర్ ఉంది, 8.8.8.8 లేదు. ఎల్ఓఎస్ ఎర్రగా. 7.45కి వచ్చింది." ఇలాంటివి ఓ పది లైన్లు ఫొటో తీసి పంపితే "మా వైపు బాగానే ఉంది" అనే మాట ఆ అబ్బాయి నోట అంత తేలిగ్గా రాదు. ఫిర్యాదు నోటిమాటగా వదలకండి. కాల్ సెంటర్‌కి చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, తీసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం అది ఇవ్వాల్సిందే. అక్కడ తేలకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, దానికి ఫీజు లేదు. ఆ నంబరు లేకుండా పైకి వెళ్లలేరు.

మీ కోడలు చదువుకున్న పిల్ల, ట్రేసర్ట్ (tracert) కూడా కొట్టి చూస్తుంది. మన కబురు దారిలో ఏయే రౌటర్లు దాటుతుందో వరసగా చూపించేది అది. మధ్యలో ఒక వరసలో చుక్కలు (*) కనబడి, దాని తర్వాతి వరసలు మామూలుగా పలుకుతుంటే కంగారు పడొద్దని చెప్పండి. కొన్ని పెద్ద రౌటర్లు వేరేవాళ్ల ట్రాఫిక్ మోస్తాయి గానీ తమని పలకరిస్తే పలకవు. వాటి పొగరు వాటిది.

ప్రశ్న: మా వీధిలో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కోసేశాక కొత్తగా వేశారు. అప్పట్నుంచీ నాలుగు చినుకులు పడితే చాలు, నెట్ పోతోంది. ఫైబర్‌కి వాన పడదా?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాతే నగరంలో స్తంభాల మీది కేబుళ్ల మీద కత్తి పడింది. కోయడం తప్పని నేననను. ఆ తీగల ఉండలు చూస్తే నాకే భయమేసేది. కానీ కోసినదాన్ని హడావుడిగా అతికిస్తే ఇదిగో, మీ తంటా వస్తుంది.

గాజుకి వానంటే లెక్కలేదు. దెబ్బతినేది అతుకులు. ఫైబర్ రెండు కొసల్నీ స్ప్లైసింగ్ మిషన్లో పెట్టి కరిగించి అతికితే ఇంచుమించు నష్టమే ఉండదు. తొందరలో చేతితో బిగించే ఫాస్ట్ కనెక్టర్లు పెట్టేసి, మూత సరిగ్గా లేని డబ్బాలో పడేస్తే తేమా దుమ్మూ చేరతాయి. గాలికి వైరు ఊగి మెలిక పడినా వెలుతురు బయటికి కారిపోతుంది.

మీరు చూడాల్సింది ఒక్క అంకె. ఫైబర్ బాక్సు సెట్టింగుల పేజీలో ఆర్ఎక్స్ పవర్ అనో ఆప్టికల్ పవర్ అనో ఉంటుంది, మైనస్‌లో. బాక్సుకి ఎంత వెలుతురు అందుతోందో చెప్పేది అదే. మైనస్ 15కీ మైనస్ 24కీ మధ్య ఉంటే హాయి. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే చాలా బాక్సులకి అదే ఆఖరి మెట్టు. ఈ లెక్కలో 3 తగ్గితే వెలుతురు సగమైనట్టు. అంటే మైనస్ 20 నుంచి మైనస్ 26కి జారితే మీకు అందుతున్నది నాలుగో వంతే. ఎండరోజున ఎంతుందో, వానరోజున ఎంతుందో రెండూ రాసుకోండి. తేడా నాలుగైదు ఉంటే ఆ కాగితం చూపించి, "జాయింటు స్ప్లైస్ చెయ్యండి, కనెక్టర్ వద్దు" అని గట్టిగా అడగండి. మీ బాక్సులో ఆ పేజీ తెరుచుకోకపోతే వచ్చినతన్ని పవర్ మీటర్ పెట్టి చూపించమనండి. మీటర్ లేకుండా వచ్చాడంటే తిరిగి పంపేయండి.

అంతకన్నా ముందు మీ టీవీ బల్ల వెనక వంగి చూడండి. బాక్సులోకి వెళ్లే సన్నటి వైరు గోడకీ బల్లకీ మధ్య నలిగి ఉంటే వానతో పనిలేకుండానే వెలుతురు తగ్గుతుంది. గాజు గ్లాసు చుట్టుకొలత కన్నా చిన్న చుట్ట చుట్టకూడదు. కొస ఊడదీస్తే మాత్రం అందులోకి కన్ను పెట్టి చూడకండి. కంటికి కనబడని లేజర్ అది.

మీది అపార్ట్‌మెంటయితే ఇంకో మాట. చాలాచోట్ల ఫైబర్ సెల్లార్‌లోని స్విచ్ (నెట్‌ని ఫ్లాట్లకి పంచే పెట్టె) దగ్గరే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి పైకి మామూలు వైరే. వానకి కరెంటు పోతే ఆ స్విచ్ పడుకుంటుంది. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా ఉపయోగం లేదు. సెల్లార్లో దానికో చిన్న యూపీఎస్ పెట్టమని అసోసియేషన్ మీటింగులో అడగండి.

ప్రశ్న: తెనాలిలో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు. ఇంటి కెమెరా డాలస్ నుంచి చూద్దామని రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే పిలుపుని కెమెరాకి పంపే ఏర్పాటు) పెట్టాను, ఎంతకీ కలవడం లేదు. నెట్ పోయిన సంగతి కూడా వాళ్లు ఫోన్ చేస్తే తప్ప తెలియదు.
(ఒక పాఠకుడు, అమెరికా)

జవాబు: రౌటర్‌లో వాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన చిరునామా) ఎంతుందో చూడమని నాన్నగారిని అడగండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీ తప్పేమీ లేదు. ఒకే బయటి చిరునామాని కంపెనీ చాలా ఇళ్లకి పంచుతోంది, సీజీనాట్ అంటారు. బయటి నుంచి మీ ఇంటి తలుపు తట్టడం అవదు. నెలకి కొంత కట్టి మీకంటూ మారని బయటి చిరునామా, స్టాటిక్ ఐపీ, తీసుకోవచ్చు గానీ, కెమెరాని అలా బజార్లో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. కెమెరా కంపెనీ యాప్‌తోనే చూసుకోండి.

నెట్ పోయిన కబురు తెలియాలంటే తట్టే దిశ మార్చండి. ఇంట్లో ఒక రాస్ప్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటర్‌నో, మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్‌నో పెట్టి, అయిదు నిమిషాలకోసారి బయటికి "ఉన్నాను" అని చెప్పేలా చేయండి. డాలస్‌లో మీ దగ్గర అప్‌టైమ్ కుమా అనే ఉచిత ప్రోగ్రాం నడిపితే అందులో పుష్ అనే రకం ఇందుకే ఉంది. కబురు ఆగిపోతే మీ ఫోన్‌కి సందేశం వస్తుంది. తెనాలిలో కరెంటు పోయినా ఇదే సందేశం వస్తుందని గుర్తుంచుకోండి. అర్ధరాత్రి అమ్మగారిని లేపేముందు రౌటర్‌కీ ఆ పెట్టెకీ మినీ యూపీఎస్ కొనిపెట్టండి.

ప్రశ్న: కింద హాల్లో వైఫై బ్రహ్మాండం. మేడమీది గదిలో రెండు గీతలు. బూస్టర్ కొనమంటారా?
(గుంటూరు)

జవాబు: ముందు ఫోన్ 5 గిగాహెర్ట్జ్ పేరు వదిలి 2.4 పేరుకి కలిపి చూడండి. వేగం తక్కువే గానీ స్లాబు దాటి వస్తుంది. రౌటర్ సెట్టింగుల్లో 2.4 వైఫై ఛానల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టండి. అప్పటికీ చాలకపోతే బూస్టర్ వద్దు, పైకి ఒక క్యాట్-6 వైరు లాగించి రెండో రౌటర్ పెట్టుకోండి. గోడకి బెజ్జం పడుతుందని ఇంట్లో సణుగుతారు. పడనివ్వండి.

ప్రశ్న: రోజూ రాత్రి రౌటర్ ఆపి పొద్దున వేస్తే మంచిదంటారు, నిజమేనా?
(సిద్దిపేట)

జవాబు: కరెంటు ఆదా అనుకుంటే ఆపండి, నష్టం లేదు. ఆపి వేస్తే తప్ప నడవడం లేదంటే మాత్రం అది జబ్బే. అడాప్టర్ ముట్టుకుని చూడండి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే దాన్ని మార్చాలి. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీదున్న వోల్టులు అచ్చంగా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతో అంతకన్నా ఎక్కువో ఉండాలి. పక్కనున్న సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ పిన్ను ఇందులో పట్టేసింది కదా అని పెట్టేయకండి. ఒకటి 9 వోల్టులది, ఇంకోటి 12ది కావచ్చు.