జెస్ట్‌కి సొంత రిపోర్టర్ పెడితే టెర్మినల్ ఖాళీ అయింది, సీఐలో రిపోర్టే రావట్లేదు: నాకు ఎదురైనవి

మీరు అడిగినవి రెండు. జావాస్క్రిప్ట్ టెస్టులు నడిపే జెస్ట్‌కి సొంత రిపోర్టర్ (టెస్టుల ఫలితాలను చూపే కోడ్) తగిలించగానే టెర్మినల్‌లో రోజూ కనిపించే టిక్కులు, ఎర్రర్లు మాయమయ్యాయి. పైగా ల్యాప్‌టాప్‌లో వస్తున్న రిపోర్ట్ ఫైల్ సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులను తనంతట తానే నడిపే సర్వర్‌లో) రావట్లేదు. గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న ఆఫీసులో నేనూ ఈ రెండూ పడ్డాను. వీటికంటే ఘోరమైనది మూడోది ఒకటుంది, అదీ చెప్తాను.

మొదటిది తేలిక. కాన్ఫిగ్‌లో (జెస్ట్ సెట్టింగ్స్‌లో) రిపోర్టర్స్ లిస్టు లేనంతవరకే జెస్ట్ తన రిపోర్టర్‌ను వాడుకుంటుంది. మీరు ఒక్క పేరు రాశారంటే ఇక ఆ లిస్టే లెక్క. అందుకే లిస్టులో ముందు కోట్స్‌లో డిఫాల్ట్ అని పెట్టి, తర్వాత మీ ఫైల్ పాత్ ఇవ్వండి. ఆప్షన్లు పంపాలంటే పాత్‌నూ ఆప్షన్ల ఆబ్జెక్ట్‌నూ కలిపి లోపల ఇంకో చిన్న ఎర్రేగా పెట్టాలి. అవి మీ క్లాస్ కన్‌స్ట్రక్టర్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా అందుతాయి, మొదటిది గ్లోబల్ కాన్ఫిగ్.

ఇక సీఐ సంగతి. అక్కడ నడిచే కమాండ్‌ను ఒకసారి కళ్లారా చూడండి. ఎవరో ఎప్పుడో రిపోర్టర్స్ ఫ్లాగ్ అందులో పెట్టి ఉంటే, కాన్ఫిగ్‌లో మీరు రాసినదాన్ని అది పక్కకు నెట్టేస్తుంది. మాకు అదే జరిగింది. అది కాకపోతే ఫోర్స్ ఎగ్జిట్ (టెస్టులవగానే ప్రాసెస్‌ను బలవంతంగా ఆపే ఆప్షన్) ఉందేమో చూడండి. రిపోర్టర్‌లో చివరన నడిచే ఆన్‌రన్‌కంప్లీట్ మెథడ్ ప్రామిస్ (పని తర్వాత పూర్తవుతుందని చెప్పే ఆబ్జెక్ట్) ఇస్తే జెస్ట్ దాని కోసం ఆగుతుంది. మీరు అవెయిట్ లేకుండా ఫైల్ రాయడం మొదలుపెట్టి వదిలేస్తే మాత్రం, ఫోర్స్ ఎగ్జిట్ ఆ రాతను మధ్యలోనే తెంచేస్తుంది. ఫర్‌ఈచ్ లోపల ఎసింక్ ఫంక్షన్ పెట్టినా ఇదే గతి, ఆ లూప్ దాని కోసం ఆగదు.

ఇప్పుడు మూడోది. టెస్టుల పేర్లన్నీ మేం తెలుగులోనే రాసేవాళ్లం, వ్యాపారి దగ్గర లెక్కలు చూసే గుమాస్తా కూడా చదువుకోవాలని. ‘తాలు కాయలకు ధర వేరుగా పడాలి’, ‘బస్తా తరుగు రెండుసార్లు తీయకూడదు’, ఇలా. నేను రాసిన రిపోర్టర్ వీటిని సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైల్) చేసి రోజూ పొద్దున్నే మెయిల్ కొట్టేది. ఫెయిలైన టెస్టుల లెక్క జెస్ట్ ఇచ్చే నమ్‌ఫెయిల్డ్‌టెస్ట్స్ అంకె నుంచి తీసుకున్నాను. రెండు రోజులు వరసగా ‘ఫెయిల్: 0’ అని వచ్చింది. సంతోషించాం.

మూడో రోజు మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది: ‘‘అన్నా, మొన్న మొత్తం 212 ఉండాలి కదా, 171 అంటోందేంటి?’’ లాగ్ తీసి చూస్తే తూకం లెక్కల ఫైల్ అసలు లోడే కాలేదు. ఎవరో ఇంపోర్ట్ లైనులో ఫైల్ పేరు మొదటి అక్షరాన్ని పెద్ద అక్షరం చేశారు. మా విండోస్ మెషీన్లకు అది పట్టదు, సీఐలోని లైనక్స్‌కు పడుతుంది, మాడ్యూల్ దొరకలేదంది. అందులోని 41 టెస్టులు నడవనే లేదు. నడవనిది ఫెయిలెలా అవుతుంది? జెస్ట్ ఎర్రర్ కోడ్‌తోనే ఆగింది పాపం. టెస్టులు ఫెయిలైనా మెయిల్ వెళ్లాలి కదా అని ఆ స్టెప్ ఎర్రర్‌ను పట్టించుకోకుండా సెట్ చేసిన ఘనులం మేమే.

కాబట్టి మీ రిపోర్టర్‌లో నమ్‌రన్‌టైమ్‌ఎర్రర్‌టెస్ట్‌సూట్స్ (ఇలా నడవకుండానే ఆగిపోయిన టెస్ట్ ఫైళ్ల లెక్క) కూడా తప్పకుండా చూడండి. ఫైల్ వారీగా కావాలంటే ఆన్‌టెస్ట్‌రిజల్ట్‌లో వచ్చే ఫలితంలో టెస్ట్‌ఎగ్జెక్‌ఎర్రర్ ఉందేమో చూడాలి. అది ఉన్నప్పుడు లోపలి టెస్టుల ఎర్రే ఖాళీగా వస్తుంది, దాని మీద లూప్ తిప్పితే మీకేమీ కనపడదు. నేనైతే ఇంకో అడుగు వేశాను. మొత్తం టెస్టుల సంఖ్య నిన్నటికంటే తగ్గితే గెట్‌లాస్ట్‌ఎర్రర్ మెథడ్ నుంచి ఒక ఎర్రర్ తిరిగి ఇస్తాను. టెస్టులన్నీ పాసైనా జెస్ట్ అప్పుడు రన్‌ను ఫెయిల్ కిందే లెక్కేస్తుంది. మరీ చాదస్తం అన్నారు ఆఫీసులో. అననివ్వండి.

టెస్ట్ ఫైల్‌లో గ్లోబల్ వేరియబుల్ పెట్టి రిపోర్టర్‌లో చదువుదామని మాత్రం చూడకండి. రిపోర్టర్ మెయిన్ ప్రాసెస్‌లో ఉంటుంది, టెస్టులు మామూలుగా విడి వర్కర్ ప్రాసెస్‌లలో, వేరే కాంటెక్స్ట్‌లో నడుస్తాయి. ఒకరి వేరియబుల్ ఒకరికి కనపడదు. అక్కడ నాకు ఒక ఆదివారం పోయింది.

రిపోర్ట్ ఎక్సెల్‌లో తెరిచేదైతే ఇంకో రెండు చిక్కులున్నాయి. తెలుగు పేర్లు పిచ్చి గీతలుగా వస్తే ఫైల్ మొదట్లో యూటీఎఫ్-8 బైట్ ఆర్డర్ మార్క్ (అక్షరాలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయో చెప్పే గుర్తు) రాయండి, సరిపోతుంది. ఫెయిల్యూర్ మెసేజ్‌లలో టెర్మినల్ రంగుల కోడ్‌లు కలిసి వస్తాయి, సెల్‌లో ‘31ఎం’ లాంటి ముక్కలు కనిపిస్తే అవే. నోడ్ యుటిల్ మాడ్యూల్‌లో స్ట్రిప్‌వీటీకంట్రోల్‌క్యారెక్టర్స్ అనే ఫంక్షన్ ఉంది, దాంతో తీసేయొచ్చు.

ఇవన్నీ చూశాక కూడా రాకపోతే సీఐ కమాండ్ లైను పూర్తిగా ఇక్కడ పెట్టండి, చూస్తాను. టోకెన్లు ఉంటే తీసేసి పెట్టండి సుమా.