పెరటి పిట్టలు: పెట్టె కట్టాం, పిచ్చుక రాలేదు

ప్రశ్న: మాస్టారూ, మాది రాజమహేంద్రవరం. పెంకుటిల్లు తీసేసి నాలుగేళ్ల కిందట డాబా కట్టుకున్నాం. పాత ఇంట్లో వసారా నిండా పిచ్చుకలే. ఇప్పుడు వీధి చివర కిరాణా కొట్టు దగ్గర తప్ప కనబడవు. పిల్లలు ముచ్చటపడితే ఆన్‌లైన్‌లో మూడు చెక్క గూళ్లు తెప్పించి జామచెట్టుకు వేలాడదీశాం. రెండేళ్లయినా ఒక్క పిట్టా తొంగి చూడలేదు. మందారానికి పిండినల్లి పడితే మందు కొట్టించడం తప్ప తోటలో మేం చేసేదేమీ లేదు. వెనక వీధిలో సెల్ టవర్ ఉంది. దానివల్లేనా?
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, టవర్ని వదిలేయండి. పిచ్చుకలు దానివల్లే పోతున్నాయన్నది రుజువైన మాట కాదు. అసలు కారణాలు రెండూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఒకటి జామచెట్టు, రెండోది మందారానికి కొట్టిన మందు.

మీ పాత ఇంట్లో పిచ్చుక గూడు ఎక్కడ పెట్టేదో గుర్తుచేసుకోండి. చూరు కింద, వాసానికీ పెంకుకీ మధ్య సందులో, గోడకు వాల్చిన దేవుడి పటం వెనక. అంటే కదలని చోటు, పైన నీడ, వెనక గోడ. గాలికి ఊగే పెట్టెలోకి అది మనసుపడి రాదు. పైగా జామచెట్టంటే ఉడతలు, కాకులు, పిల్లి ఎక్కడానికి వీలైన కొమ్మలు. ఆ చెట్టును పికిలిపిట్టకు వదిలేయండి. దానికి పెట్టెతో పని లేదు, ఒక పక్క కొమ్మలు కొట్టకుండా గుబురుగా ఉంచితే గిన్నెలాంటి గూడు తనే అల్లుకుంటుంది.

మూడు పెట్టెలనూ దించి సన్‌షేడ్ కింద గోడకు మేకులతో బిగించండి. నేలకు ఎనిమిది పది అడుగుల ఎత్తు చాలు. తూర్పుకో ఉత్తరానికో మొహం ఉండాలి. మూడూ ఒకే గోడకు కొంచెం ఎడంగా పెట్టినా ఫరవాలేదు, పిచ్చుకలకు ఇరుగుపొరుగు ఇష్టమే. రంధ్రం కొలిచి చూడండి, అంగుళంపావు, అంటే 32 మిల్లీమీటర్లు. అంతకన్నా పెద్దదైతే గోరింక దూరుతుంది. రంధ్రం కింద పుల్ల బిగించి ఉంటే పీకేయండి. అమ్మేవాళ్లు అందం కోసం పెడతారు, పిచ్చుకకు అది అక్కర్లేదు, కాకి కూర్చుని లోపలికి ముక్కు పెట్టడానికి మాత్రం పనికొస్తుంది. అడుగున రెండు చిన్న చిల్లులు, కప్పు కింద గాలి ఆడే సందు ఉండాలి. లోపల రంగు వద్దు. చెక్కే కావాలనీ లేదు. మా తెనాలిలో కుమ్మరి దగ్గర చిన్న కుండలు పచ్చిగా ఉన్నప్పుడే రంధ్రం చేయించి కాల్పించుకున్నాను, వాటిలోనూ పిల్లలు లేచాయి.

ఎండ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పన్నెండేళ్ల కిందట పాత నూనె డబ్బా రేకుతో పెట్టె చేసి డాబా పిట్టగోడకు పడమటి వైపు కట్టాను. మాఘంలో కట్టిన పెట్టెలోకి వేసవిలో జంట వచ్చింది. రోహిణి కార్తెలో నాలుగు పిల్లలు. తల్లీ తండ్రీ వచ్చినప్పుడల్లా గోల చేసేవి. ఒక మధ్యాహ్నం చప్పుడు ఆగిపోయింది. సాయంత్రం తెరిస్తే నాలుగూ చనిపోయి ఉన్నాయి. రేకు అప్పటికీ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. జంతుశాస్త్రం పాఠం చెప్పే మనిషిని, నాకు తెలియాల్సిన సంగతి. అందుకే ఏటా మార్చి 20న పిచ్చుకల దినం పేరుతో రేకు గూళ్లు, ప్లాస్టిక్ గూళ్లు పంచిపెడుతుంటే నాకు భయమేస్తుంది. దగ్గరికెళ్లి ఎక్కడ కడతారని పిల్లల్ని అడుగుతాను.

ఇక మందు సంగతి. పిచ్చుక గింజలు తిని బతుకుతుంది కదా, పురుగుల మందుతో దానికేమిటి అనుకుంటాం. కానీ గుడ్డులోంచి వచ్చిన పిల్ల మొదటి రోజుల్లో గింజ తినలేదు. దానికి మెత్తని పురుగే మేత. చిన్న గొంగళి, సాలీడు, బెండ మీద పట్టే పేనుబంక. ఇంటి చుట్టూ పురుగు లేకపోతే గూడు ఎంత బాగున్నా పిల్లలు ఆకలితో పోతాయి. మందారానికి పిండినల్లి కనిపిస్తే నీళ్లు జోరుగా కొట్టి కడగండి, ముదిరిన కొమ్మ కత్తిరించేయండి, మరీ ఎక్కువైతే కుంకుడు రసంలో కాస్త వేపనూనె కలిపి అక్కడికే చల్లండి. ఆకు మీద నాలుగు చిల్లులు కనిపిస్తే కనిపించనివ్వండి.

పెద్ద పిట్టలకు కంకుల కుచ్చు ఒకటి వసారాలో కట్టండి. మీ గోదావరి వైపు కుచ్చులు అల్లే చేయి తిరిగిన రైతులు ఇంకా ఉన్నారు. మూకుడులో నీళ్లు, ఓ మూల పొడి ఇసుక. పిచ్చుక ఇసుకలో కూడా స్నానం చేస్తుంది.

మీకు ధైర్యం ఇచ్చేది ఆ కిరాణా కొట్టే. పిచ్చుక పుట్టినచోటు విడిచి దూరం పోదు. చుట్టుపక్కల అసలు లేకపోతే ఎన్ని పెట్టెలు కట్టినా కష్టం. వీధి చివర ఉన్నాయంటే మీ గోడ దాకా రావడం పెద్ద దూరం కాదు. గొంతు కింద నల్లమచ్చ ఉన్న మగపిట్ట రంధ్రం దగ్గర కూర్చుని పదే పదే అరుస్తుంటే చోటు నచ్చిందని గుర్తు. ఆ తర్వాత గడ్డిపరకలు, ఈకలు మోస్తాయి. అప్పటినుంచి నిచ్చెన వేసి చూడొద్దు. గుడ్లు పొదగడానికి పదకొండు నుంచి పద్నాలుగు రోజులు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు. అవి వెళ్లాక పాత గడ్డి తీసి దులిపితే, అదే జంట మళ్లీ పెట్టవచ్చు.

ప్రశ్న: గూట్లోంచి పడ్డ పిల్లను మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరకు రాదంటారు. నిజమా?
ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: నిజం కాదు బాబూ, మన చెయ్యి తగిలిందని తల్లి బిడ్డను వదిలేయదు. ఈకలు రాని పిల్లయితే మెల్లగా తీసి అదే గూట్లో పెట్టెయ్. ఈకలు వచ్చి గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, పిల్లికి అందకుండా దగ్గర్లోని పొద మీద ఉంచి దూరంగా నిలబడి చూడు, తల్లి మేత తెస్తుంది. జాలిపడి నోట్లో నీళ్లు మాత్రం పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది.