టెక్ సందేహాలు: 20 వరుసలు చూపించడానికి మొత్తం టేబుల్ తేవాలా?

ప్రశ్న: స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్) వెబ్ అప్లికేషన్‌లో ఆర్డర్లు, కస్టమర్లు, చెల్లింపులు అనే మూడు టేబుళ్లను కలుపుతూ సొంతంగా ఒక నేటివ్ క్వెరీ (నేరుగా డేటాబేస్ ఎస్‌క్యూఎల్‌లో రాసేది) రాసుకున్నాను. ఫలితాన్ని లిస్ట్‌లోకి తెచ్చి, సబ్‌లిస్ట్‌తో (లిస్ట్‌లోంచి ఒక ముక్క తీసుకుని) పేజీకి 20 చొప్పున చూపిస్తున్నాను. టెస్టింగ్‌లో బాగానే ఉంది కానీ అసలు డేటా ఎక్కాక పేజీ తెరుచుకోవడం లేదు, ఒక్కోసారి మెమరీ చాలక సర్వర్ ఆగిపోతోంది. పోనీ అని పేజబుల్ (ఎన్నో పేజీ, ఎన్ని వరుసలు కావాలో స్ప్రింగ్‌కి చెప్పేది) పెడితే, నేను రాయనే రాయని ఒక కౌంట్ క్వెరీలో సింటాక్స్ ఎర్రర్ ఉందంటోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ సబ్‌లిస్ట్ తీసేయండి. మీరు చూపించేది 20 వరుసలే అయినా క్వెరీ మాత్రం ఉన్నవన్నీ తెస్తోంది, అవన్నీ నెట్‌వర్క్ దాటి వచ్చి, ఒక్కొక్కటీ జావా ఆబ్జెక్ట్‌గా మారాక, అందులో 20 ఉంచుకుని మిగతావి పారేస్తున్నారు. యూజర్ ‘తర్వాతి పేజీ’ నొక్కిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి ఇదే పని. పేజీలుగా విడగొట్టడం డేటాబేస్‌లోనే జరిగిపోవాలి, జావా వైపు వచ్చేవి ఆ 20 మాత్రమే కావాలి.

పేజబుల్ పెట్టడం సరైన దారే, ఆ ఎర్రర్‌కి భయపడి వెనక్కి రాకండి. మీ మెథడ్ ‘పేజ్’ని తిరిగి ఇస్తుంటే స్ప్రింగ్‌కి రెండు క్వెరీలు కావాలి: ఒకటి వరుసల కోసం, రెండోది మొత్తం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి. రెండోది మీరు ఇవ్వకపోతే మీ క్వెరీని చూసి తనే ఒకటి తయారు చేసుకుంటుంది. ‘విత్’తో మొదలయ్యేవి, గ్రూప్ బై ఉన్నవి, లోపల ఇంకో సెలెక్ట్ ఉన్నవి అయితే ఆ తయారీ తరచూ తప్పుతుంది. మీరు రాయని క్వెరీ అక్కడికి వచ్చింది అలాగే. కాబట్టి క్వెరీ యానొటేషన్‌లో ‘కౌంట్‌క్వెరీ’ అనే చోట మీరే రాసి ఇవ్వండి. అసలు క్వెరీని ఉన్నదున్నట్టు కాపీ చేయక్కర్లేదు. కస్టమర్ పేరు చూపించడానికి మాత్రమే లెఫ్ట్ జాయిన్ చేసి ఉంటే, పేరు మీద ఫిల్టర్ కూడా లేకపోతే, లెక్కకి ఆ జాయిన్ అనవసరం, తీసేస్తే కౌంట్ తేలికవుతుంది.

చెల్లింపుల టేబుల్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఒక ఆర్డర్‌కి డబ్బు మూడు దఫాలుగా కట్టి ఉంటే జాయిన్‌లో ఆ ఆర్డర్ మూడు వరుసలవుతుంది, అప్పుడు 20 వరుసలంటే 20 ఆర్డర్లు కాదు, పైగా ఒకే ఆర్డర్ సగం ఈ పేజీలో, సగం తర్వాతి పేజీలో పడుతుంది. చెల్లింపుల్ని ముందే ఆర్డర్ ఐడీ వారీగా కూడి, ఆ ఫలితాన్ని జాయిన్ చేయండి.

మొత్తం ఎన్ని పేజీలో చూపించాల్సిన అవసరం లేకపోతే ‘పేజ్’ బదులు ‘స్లైస్’ వాడండి. అది 20కి బదులు 21 అడుగుతుంది, ఆ ఇరవై ఒకటోది వస్తే ఇంకా ఉన్నాయని అర్థం, లెక్కపెట్టే క్వెరీ గొడవే లేదు. చాలా స్క్రీన్లకి ఇది చాలు అని నా అభిప్రాయం.

పేజబుల్ లేకుండా ఎంటిటీ మేనేజర్‌తో మీరే క్వెరీ నడుపుతుంటే సెట్‌ఫస్ట్‌రిజల్ట్ (ఎన్ని వరుసలు వదలాలో), సెట్‌మ్యాక్స్‌రిజల్ట్స్ (ఎన్ని తేవాలో) ఉన్నాయి. స్ప్రింగ్‌లో పేజీ నంబర్ 0 నుంచి మొదలవుతుంది కాబట్టి యూజర్‌కి మూడో పేజీ అంటే మీకు 2, వదిలేయాల్సినవి 40 వరుసలు. చివర్లో ‘పేజ్’ని తయారుచేసే పేజ్‌ఇంప్ల్‌కి లిస్ట్ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే ఆ లిస్ట్ సైజునే మొత్తం అనుకుంటుంది, స్క్రీన్ మీద ఎప్పుడూ ఒకటే పేజీ కనిపిస్తుంది. లిస్ట్, పేజబుల్, మొత్తం, మూడూ ఇవ్వాలి.

ఇదే అప్లికేషన్‌లో జేపీక్యూఎల్ క్వెరీలు (టేబుళ్ల బదులు జావా క్లాసుల పేర్లతో రాసేవి) కూడా ఉంటే లాగ్‌లో ఒక హెచ్చరిక కోసం వెతకండి. ఒక రికార్డు కింద ఉండే అనుబంధ రికార్డుల లిస్ట్‌ని జాయిన్ ఫెచ్ చేస్తూ (అదే క్వెరీలో కలిపి తెస్తూ) పేజబుల్ పెడితే, హైబర్నేట్ (స్ప్రింగ్ వెనుక ఈ క్వెరీలు నడిపే లైబ్రరీ) వరుసలన్నీ మెమరీలోకి తెచ్చి అక్కడ పేజీ విడగొడుతుంది, ఒక హెచ్చరిక రాసి పని కానిచ్చేస్తుంది. అంటే మీరు తీసేసిన సబ్‌లిస్ట్ ఇంకో దారిలో తిరిగి వచ్చినట్టే. దీనికి రెండు క్వెరీలు రాయడం మేలు: మొదటిది ఆ పేజీకి కావాల్సిన 20 ఐడీలు మాత్రం తెస్తుంది, రెండోది ఆ ఐడీలకి జాయిన్ ఫెచ్ చేస్తుంది. రెండో దాంట్లో ఆర్డర్ బై మళ్లీ రాయడం మర్చిపోకండి, మొదటి క్వెరీలోని క్రమం దానంతట అది రాదు.

ప్రశ్న: పేజబుల్ సరిగ్గానే పనిచేస్తోంది కానీ మొదటి పేజీలో చూసిన రికార్డు రెండో పేజీలోనూ కనిపిస్తోంది, కొన్ని ఏ పేజీలోనూ లేవు. తేదీ ప్రకారమే సార్ట్ చేస్తున్నాను.

జవాబు: ఒకే తేదీతో చాలా రికార్డులు ఉన్నాయి కదా, వాటిలో ఏది ముందో మీరు చెప్పలేదు కాబట్టి డేటాబేస్ ఒక్కో క్వెరీకి ఒక్కో క్రమంలో ఇవ్వవచ్చు. తేదీ తర్వాత ఐడీని కూడా సార్ట్‌లో చేర్చండి, క్రమం స్థిరపడుతుంది.

అయినా ఒక చిక్కు మిగులుతుంది. యూజర్ మొదటి పేజీ చదువుతుండగా పైన కొత్త రికార్డు చేరితే అన్నీ ఒక స్థానం కిందికి జరిగి, చివరిది రెండో పేజీలో మళ్లీ కనిపిస్తుంది. పేజబుల్ వాడే ఆఫ్‌సెట్‌తో (ముందున్న ఇన్ని వరుసలు వదిలేయమనే పద్ధతితో) ఉన్న ఇంకో ఇబ్బంది ఏంటంటే, లక్ష వరుసలు వదిలి 20 ఇవ్వమంటే డేటాబేస్ ఆ లక్షా దాటుకుంటూ రావాల్సిందే, అందుకే లోపలి పేజీలకి వెళ్లేకొద్దీ నెమ్మదిస్తుంది. ఈ రెండింటికీ మందు ఆఫ్‌సెట్ మానేసి, చివరగా చూపించిన రికార్డు తేదీనీ ఐడీనీ గుర్తుపెట్టుకోవడం. కొత్తవి ముందు చూపిస్తుంటే, తర్వాతి పేజీకి ‘తేదీ అంతకన్నా చిన్నది, లేదా తేదీ అదే అయి ఐడీ చిన్నది’ అని వేర్‌లో రాసి, లిమిట్ 20 పెట్టండి. తేదీ, ఐడీ రెండూ కలిపి ఒక ఇండెక్స్ ఉండాలి. దీంతో నేరుగా 50వ పేజీకి దూకలేరు, ముందుకో వెనక్కో ఒక్కో పేజీ వెళ్లాలి. పేజీ నంబర్లు తప్పనిసరిగా కావాలని మీ యూజర్లు అడిగితే ఆఫ్‌సెట్‌తోనే ఉండండి, ఐడీ చేర్చిన సార్ట్‌తో.